కల్లంలో కెమెరా

చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో కల్లాల నిండా మిరపకాయలు ఎండుతుంటాయి. ఆ ఎర్రదనం మధ్య ముఖానికి గుడ్డ చుట్టుకుని ఆడకూలీలు తాలుకాయలు ఏరుతుంటారు. హైవే మీద పోయేవాళ్లు కారాపి నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ‘తీసుకోమంటావా అమ్మా?’ అని అడిగేవాళ్లు తక్కువ. అడగకపోతే తప్పా?

ముందు చట్టం సంగతి. రోడ్డు మీదో సంతలోనో కనిపించిన మనిషిని అడగకుండా ఫొటో తీయకూడదనే ప్రత్యేక చట్టం మనకు లేదు. కానీ హద్దులున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తేల్చింది. నలుగురిలోకి వచ్చినంత మాత్రాన మనిషి ఆ హక్కు వదులుకున్నట్టు కాదన్న మాట ఆ తీర్పులో ఉంది. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ ప్రకారం ఒకరి మర్మావయవాలను వాళ్ల గోప్యతకు భంగం కలిగేలా, సమ్మతి లేకుండా చిత్రించినా పంచినా మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. అది బహిరంగ స్థలమన్న సాకు చెల్లదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు వచ్చి మున్నేట్లో మునిగే ఆడవాళ్ల వైపు ఫోన్ ఎత్తేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రేవు అందరిదే, అక్కడ స్నానం చేసే ఒళ్లు అందరిదీ కాదు.

మరి ఫొటో ఎవరిది? డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైటు మీదే. వీధిలో మిమ్మల్ని ఎవరో తీస్తే అది తీసినవాళ్లది. అంటే ముఖం మీది, బొమ్మ వాళ్లది.

చట్టం ఇలా వదిలేసిన చోటే మన ఊళ్లలో అసలు చిక్కు. వీధి ఫొటోగ్రఫీ పేరు తెచ్చుకున్నది పారిస్, న్యూయార్క్ లాంటి మహానగరాల్లో. అక్కడ గుంపులో మనిషి ఎవరికీ తెలియని మనిషి, ఆ తెలియకపోవడమే అతనికి రక్ష. జగ్గయ్యపేటలో ఆ రక్ష లేదు. నందిగామ బస్టాండులో తోటి విద్యార్థితో మాట్లాడుతున్న అమ్మాయి ఫొటో పొద్దున తీస్తే, సాయంత్రానికి వాట్సాప్‌లో ‘వీళ్లమ్మాయి కదూ’ అని తేలిపోతుంది. మద్యం దుకాణం దగ్గర నిలబడ్డ తండ్రి, బంగారం కుదువపెట్టి బయటికొస్తున్న ఇల్లాలు... తీసినవాళ్లకు అది ‘జీవన దృశ్యం’, చూసినవాళ్లకు ఫలానా వాళ్ల సంగతి.

కోర్టులు కూడా ఈ విషయంలో ఒక్క దారిన నడవలేదు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో దారిన పోయేవాళ్లను చాటుగా తీసి ప్రదర్శనకు పెట్టిన ఫిలిప్ లోర్కా డికోర్సియాపై ఒక పెద్దాయన దావా వేస్తే, అది కళ అంటూ 2006లో కోర్టు కొట్టేసింది. కెనడాలోని మాంట్రియల్‌లో మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ల అమ్మాయి ఫొటోను ఓ చిన్న పత్రిక అచ్చువేసింది. ఆ సంచిక అమ్ముడైనవి 722 ప్రతులే. అయినా అందులో ఒకటి స్నేహితుల చేతికి వచ్చింది, ఆమె నవ్వులపాలైంది. 1998లో అక్కడి సుప్రీంకోర్టు ఆమెకు రెండు వేల డాలర్ల పరిహారం నిలబెట్టింది. ఎంతమంది చూశారన్నది కాదు, ఎవరు చూశారన్నదే ఆమెను బాధించింది. మన ఊళ్లకు సరిపోయే తీర్పు ఇదే.

అలాగని ప్రతిసారీ అడగాలంటే కుదరదు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరి ఇల్లు మునిగిందో చూపే ఫొటో సాక్ష్యం. అది ఉండాలి. కానీ అన్నం పొట్లం కోసం చాచిన చేతినీ, ఆ చేతి వెనక ముఖాన్నీ దాత పేరుతో కలిపి పంచడం సాక్ష్యం కాదు, ప్రచారం. ఈ ఫొటో వల్ల మేలు అందులో ఉన్న మనిషికా, తీసినవాళ్లకా అని ఒక్కసారి ఆలోచించుకుంటే చాలావరకు తేలిపోతుంది.

అనుమతి మనకు కొత్తగా దిగుమతైన మర్యాదేమీ కాదు. హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు, అక్కడ ఫొటోలు తీసింది కూడా ఒక స్త్రీయే. తీయించుకునేవాళ్ల ఇష్టాన్ని బట్టి కెమెరా తన తీరు మార్చుకుంది. ఇవాళ అంత ఏర్పాటు అక్కర్లేదు. తీశాక స్క్రీన్ చూపించడం, వద్దంటే వాళ్లెదుటే చెరిపేయడం, పిల్లలైతే పెద్దవాళ్లను అడగడం, ఎక్కడ పెడతామో ముందే చెప్పడం చాలు.

అడిగితే సహజత్వం పోతుందంటారు. నిజమే, ‘ఫొటో తీసుకోనా పెద్దమ్మా’ అనగానే ఆమె కొంగు సర్దుకుంటుంది, పక్కవాళ్లు నవ్వుతారు. ఒక్క పది నిమిషాలు కల్లం గట్టున కూర్చోండి. పొద్దు గూకేలోపు రాశి తెమలాలి. తాలుకాయలు ఏరే చేయి కెమెరా కోసం ఎంతసేపు ఆగుతుంది?