ముందు ఆడవాళ్ళు, పిల్లలు!

ఓడ మునిగిపోతోంది. చుట్టూ చీకటి, ఎముకలు కొరికే చలి. ఇంతలో కెప్టెన్ గొంతు ఖంగుమంటుంది – "ముందు ఆడవాళ్ళు, పిల్లలు!" అంతే, మగవాళ్ళంతా పక్కకి తప్పుకుని దారి ఇస్తారు. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని పడవల్లోకి దిగుతారు...

ఈ దృశ్యం మనకి కొత్తేమీ కాదు. సినిమాల్లో చూశాం, నవలల్లో చదివాం. సముద్రం ముఖం చూడనివాళ్ళకి కూడా ఈ మాట తెలుసు. అసలీ మాట ఎక్కడ పుట్టింది? నిజంగా అమలైందా? ఓడ దిగి ఊళ్ళోకి వచ్చాక ఎన్ని వేషాలు వేసింది? తెలుసుకుంటే ఆశ్చర్యమే కాదు, కాస్త కోపం కూడా వస్తుంది!

గుంటూరులో పుట్టిన పిల్ల

ఆ కేక విన్నవాళ్ళలో మన గుంటూరులో పుట్టిన పిల్ల ఒకతె ఉందంటే నమ్ముతారా? పేరు రూత్ బెకర్. తండ్రి గుంటూరు లూథరన్ మిషన్‌లో పనిచేసే అమెరికన్. 1899లో ఇక్కడే పుట్టిందామె. 1912లో చంటి తమ్ముడు రిచర్డ్‌కి జబ్బు చేస్తే, వైద్యం కోసం తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని అమెరికాకి బయల్దేరింది. తండ్రి ఇక్కడే ఉండిపోయాడు. ఇంగ్లండు నుంచి వాళ్ళెక్కిన ఓడ ఏదనుకున్నారు? టైటానిక్!

ఏప్రిల్ 14 రాత్రి ఓడ మంచుకొండని గుద్దుకుంది. పైకి వచ్చాక చలికి తట్టుకోలేమని, దుప్పట్లు తెమ్మని తల్లి రూత్‌ని కిందికి పంపింది. పన్నెండేళ్ళ పిల్ల పరుగున వెళ్ళి తెచ్చింది. తమ్ముడినీ, నాలుగేళ్ళ చెల్లినీ 11వ నంబరు పడవలో కూర్చోబెట్టి, "నిండిపోయింది" అన్నారు. తల్లి గోల పెట్టి ఎలాగో ఎక్కేసింది. రూత్ మాత్రం ఓడమీదే మిగిలిపోయింది! "ఇంకో పడవ ఎక్కవే" అని తల్లి అరుస్తుండగానే పడవ కిందికి దిగిపోయింది.

ఆ పిల్ల ఏడుస్తూ నిలబడలేదు. పక్క పడవ దగ్గరున్న ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, "నేను ఎక్కొచ్చా?" అని అడిగింది. ఎక్కించారు. అది 13వ నంబరు పడవ. తాను తెచ్చిన దుప్పట్లు పల్చటి బట్టల్లో వణికిపోతున్న బొగ్గు కార్మికులకి పంచింది. తన పసిబిడ్డ వేరే పడవలో వెళ్ళిపోయిందని ఏడుస్తున్న ఒక తల్లిని ఊరడించింది. కాపాడడానికి వచ్చిన కార్పేథియా ఓడమీద ఆ తల్లీబిడ్డా కలుసుకున్నారు. రూత్‌కి కూడా తన తల్లి అక్కడే దొరికింది.

చూశారా? "ముందు పిల్లలు" అన్నచోటే పన్నెండేళ్ళ పిల్ల వెనకబడిపోయింది!

మాట పుట్టింది ఎక్కడ?

ఈ మాటకి పుట్టినిల్లుగా చెప్పే ఓడ టైటానిక్ కాదు. అంతకి అరవై ఏళ్ళ ముందరి 'బర్కెన్‌హెడ్' అనే ఇంగ్లీషు సైనిక ఓడ. 1852 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున దక్షిణాఫ్రికా తీరంలో డేంజర్ పాయింట్ దగ్గర రాయికి తగిలి చీలిపోయింది. ఓడలో సుమారు 640 మంది. ఎక్కువమంది కుర్ర సిపాయిలు, కొద్దిమంది ఆడవాళ్ళు, పిల్లలు. పనికొచ్చే పడవలు మూడంటే మూడే. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఒక పడవలో దింపారు. మిగతావాళ్ళు ఈదుకుంటూ వెళ్ళి ఆ పడవని పట్టుకుంటే అది బోల్తా పడుతుంది కదా! అందుకని సేటన్ అనే అధికారి సిపాయిల్ని కదలకుండా నిలబడమన్నాడు. నిలబడ్డారు. ఓడ వాళ్ళ కాళ్ళకింద విరిగి మునిగిపోయింది. బతికినవాళ్ళు రెండువందల మందికి లోపే. కానీ ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ ఒడ్డు చేరారు.

ఆ కుర్రాళ్ళకి చేతులెత్తి నమస్కరించాల్సిందే. ప్రష్యా రాజు ఈ కథని తన సైన్యంలో ప్రతి దళానికీ చదివి వినిపించమన్నాడట. కిప్లింగ్ తన కవితలో దీన్ని తలచుకున్నాడు. చిత్రకారులు బొమ్మలు గీశారు. నీతి పుస్తకాల్లోకి ఎక్కింది. అలా ఒక రాత్రి జరిగిన సంగతి 'మగతనం అంటే ఇదీ' అని చెప్పే సామెతలా మారిపోయింది.

మరి రెండేళ్ళకే, 1854లో, 'ఆర్కిటిక్' అనే అమెరికన్ ఓడ మునిగింది. బతికి బయటపడ్డవాళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క పిల్ల లేదు! పడవలు సిబ్బందీ, కొందరు మగ ప్రయాణికులూ లాక్కున్నారు. ఈ ఓడ కథ నీతి పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఎందుకెక్కుతుంది లెండి!

ముందు ఏ ఆడవాళ్ళు?

టైటానిక్‌లో సుమారు 2,200 మంది ఉంటే, పడవల్లో చోటు 1,178 మందికే. పైగా ఒక్క మాటని ఇద్దరు ఆఫీసర్లు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. ఎడమవైపున్న లైటోలర్ "ఆడవాళ్ళూ పిల్లలూ మాత్రమే" అన్నాడు. కుడివైపున్న మర్డక్ "ముందు వాళ్ళు, చోటుంటే మగవాళ్ళూ" అన్నాడు. అందువల్ల ఒకవైపు సీట్లు ఖాళీగా ఉన్నా మగవాళ్ళని ఎక్కనివ్వలేదు. పదమూడేళ్ళ రైయర్సన్ కుర్రాణ్ణి కూడా ఆపేస్తే, వాడు పసివాడని తండ్రి పోట్లాడి ఎక్కించాడు. తండ్రి మాత్రం ఓడతోనే పోయాడు.

మొత్తంమీద ఆడవాళ్ళలో నూటికి 74 మంది, మగవాళ్ళలో నూటికి 20 మంది బతికారు. ఇక్కడిదాకా మాట నిలిచినట్టే. కానీ లెక్క ఇంకాస్త విప్పి చూడండి. మొదటి తరగతి ఆడవాళ్ళలో నూటికి 97 మంది బతికితే, మూడో తరగతి ఆడవాళ్ళలో సగానికి పైగా పోయారు. మూడో తరగతి పిల్లల్లో మూడింట ఒక వంతే మిగిలారు. మాట ఒక్కటే... టిక్కెట్టుని బట్టి విలువ మారింది!

ఎక్కమన్నా ఎక్కనివాళ్ళూ ఉన్నారు. న్యూయార్కు వ్యాపారి ఇసిడోర్ స్ట్రాస్ భార్య ఐడా, నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషిని వదిలి రానంటూ వెనక్కి వచ్చేసింది. ఇద్దరూ పోయారు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని జాంజ్‌గీర్‌లో ఆడపిల్లల బడి పెట్టిన యానీ ఫంక్ అనే టీచరమ్మ, తల్లికి జబ్బుగా ఉందని కబురొస్తే అమెరికా వెళ్తూ ఇదే ఓడ ఎక్కింది. ప్రయాణంలోనే 38వ పుట్టినరోజు వచ్చింది. ఆమె తిరిగి రాలేదు. తన చోటు ఇంకొకరికి ఇచ్చేసిందని చెప్పుకుంటారు.

ఓటు అడిగితే పడవ చూపించారు

ఇక ఓడ దిగిన తర్వాత ఈ మాట ఎన్ని పనులకి వాడుకున్నారో చూడండి.

బతికి వచ్చిన మగవాళ్ళని కొట్టడానికి ఇదే కర్ర. టైటానిక్‌లో ఉన్న జపాన్ ఉద్యోగి హొసోనో ప్రాణాలతో ఇల్లు చేరితే, స్వదేశంలో పిరికిపంద అన్నారు. ఉద్యోగం కూడా తీసేసి, తర్వాత మళ్ళీ ఇచ్చారు.

ఓటు హక్కు అడుగుతున్న ఆడవాళ్ళ నోరు మూయించడానికీ ఇదే మాట! 1912లో ఇంగ్లండులో, అమెరికాలో ఓటు కోసం ఉద్యమాలు జోరుగా సాగుతున్నాయి. "మగవాళ్ళు మీకోసం ప్రాణాలిచ్చారు, ఇంకా సమానత్వం ఎందుకు? ఓటు కావాలా, పడవ కావాలా?" అని ఎత్తిపొడిచారు. దానికి ఉద్యమకారిణులు ఇచ్చిన జవాబు భలే ఉంటుంది: మాకు ఓటుంటే ఓడలో అందరికీ సరిపడా పడవలుండేలా చట్టం చేసేవాళ్ళం కదా!

విగ్రహానికీ పనికొచ్చిందీ మాట. ఆడవాళ్ళనీ పిల్లల్నీ కాపాడి తాము పోయిన మగవాళ్ళ జ్ఞాపకార్థం అమెరికాలో ఆడవాళ్ళే ఒక్కొక్క డాలరు చందా వేసుకుని, వాషింగ్టన్‌లో 1931లో స్మారక చిహ్నం నిలబెట్టారు. రూపొందించిన శిల్పి కూడా ఆడమనిషే – గెర్‌ట్రూడ్ విట్నీ.

యుద్ధంలో నేలమీదికీ వచ్చింది. 1939 సెప్టెంబరులో బాంబులు పడతాయన్న భయంతో ఇంగ్లండు పట్టణాల నుంచి మూడు నాలుగు రోజుల్లోనే పదిహేను లక్షల మంది దాకా పల్లెలకి తరలించారు. ముందు పంపింది ఎవర్నంటే – బడిపిల్లల్ని, చంటిబిడ్డల తల్లుల్ని. 1997లో వచ్చిన టైటానిక్ సినిమాతో ఈ కేక మళ్ళీ ఊరూరా మోగింది. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళు విందుల్లో భోజనం దగ్గర వరసలో నిలబడి సరదాకి కూడా ఇదే అంటారు. మన ఆర్టీసీ బస్సుల్లో స్త్రీల సీట్లమీద రాసే మాట కూడా దీనికి చెల్లెలి వరసే. రాత ఉంటుంది, సీటు దొరకడం మన అదృష్టం!

అసలు లెక్క ఏం చెబుతుంది?

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు 1852 నుంచి 2011 వరకు జరిగిన 18 ఓడ ప్రమాదాలు, సుమారు 15,000 మంది లెక్కలు తీసి 2012లో ప్రకటించారు. తేలిందేమిటంటే, ఓడ మునిగితే ఆడవాళ్ళు బతికే అవకాశం మగవాళ్ళకున్న దాంట్లో సగమే! అందరికన్నా ఎక్కువ బతికేది ఓడ సిబ్బంది. బర్కెన్‌హెడ్, టైటానిక్ రెండూ లోకరీతి కాదు, లోకరీతికి భిన్నం. 1994లో 'ఎస్టోనియా' మునిగినప్పుడు 852 మంది పోయారు. బతికిన 137 మందిలో ఎక్కువమంది వయసులో ఉన్న మగవాళ్ళే.

ఈ మాటని ఏ అంతర్జాతీయ సముద్ర చట్టమూ నియమంగా పెట్టలేదు. అదొక మర్యాద, అంతే. మర్యాద ఎదుటివాడి దయ మీద ఆధారపడుతుంది. టైటానిక్ తర్వాత జరిగిన మేలు ఎక్కడుందంటే, 1914లో కొన్ని దేశాలు లండనులో కూర్చుని చేసుకున్న ఒప్పందంలో ఉంది. ఎక్కినవాళ్ళందరికీ పడవల్లో చోటుండాలి, ముందుగానే కసరత్తు చేయించాలి, రేడియో దగ్గర రాత్రీ పగలూ మనిషి ఉండాలి. పడవలు సరిపడా ఉంటే, ముందెవరు వెనకెవరు అనే గొడవే లేదు కదా!

మన వంటింటి ఓడ

ఇదంతా చదువుతుంటే మీకు మన భోజనాల గది గుర్తుకు రాలేదూ? అక్కడ కేక తిరగబడుతుంది. ముందు పిల్లలు, తర్వాత ఆయన, అత్తగారూ మామగారూ, ఆ తర్వాత వచ్చిన చుట్టాలు... చివరికి మనం. అప్పటికి పప్పు అడుగంటి ఉంటుంది, కూర గిన్నెలో పోపు గింజలు మిగులుతాయి. పెరుగు ఉంటే ఉన్నట్టు, లేకపోతే మజ్జిగ నీళ్ళు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అంటారు పెద్దలు. చిత్రం చూడండి, మనింట్లో వడ్డించేదీ మనమే, కడబంతిని కూర్చునేదీ మనమే. అయినా మన విస్తట్లోకి ఏమీ రాదు! 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కూడా దాదాపు అంతే. దీనికి చాలా కారణాలున్నాయి, కాదనను. కానీ చివర మిగిలింది తినే అలవాటుకీ అందులో వాటా ఉంది.

అందుకని "ముందు నాకు పెట్టండి" అని పోట్లాడమని కాదు. అందరికీ సరిపడా పడవలు చూసుకోమని! బియ్యం కొలిచేటప్పుడు మన గుప్పెడు కూడా లెక్కలో వేసుకుందాం. పప్పు, ఆకుకూర, గుడ్డు దించగానే మన వాటా ఒక చిన్న గిన్నెలో తీసిపెట్టుకుందాం. అన్నీ బల్లమీద పెట్టేసి రోజుకి ఒక్కపూటైనా అందరం కలిసి కూర్చుని తిందాం. కావలసింది ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటారు, చేతులున్నాయిగా!

రూత్ ఏమైందో చెప్పలేదు కదూ. టీచరయింది. ఆ రాత్రి గురించి ఏళ్ళ తరబడి పెదవి విప్పలేదు. కన్నపిల్లలకే చాలాకాలం తెలియదు. ముసలితనంలో గానీ నోరు తెరవలేదు. 1990లో, 78 ఏళ్ళ తర్వాత, మళ్ళీ మొదటిసారి ఓడ ఎక్కి సముద్రం చూసొచ్చింది. ఆ ఏడాదే జూలైలో, తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూసింది. 1994లో ఆమె అస్థికల్ని టైటానిక్ మునిగినచోటే కలిపారు.

గుంటూరులో పుట్టిన ఆ పిల్లని బతికించింది కెప్టెన్ కేక ఒక్కటే కాదు. "నేను ఎక్కొచ్చా?" అని తనే వెళ్ళి అడిగింది చూడండి, అదీ! అడగందే అమ్మైనా పెట్టదు. మరి ఆ అమ్మే మనమైనప్పుడు, అడగవలసింది కూడా మనమే కదా!