అర్ధరూపాయి కార్డుపై అక్షర స్నేహం

నరసరావుపేట: ‘మీ ఊరి తిరునాళ్లను వర్ణిస్తూ మిత్రునికి లేఖ రాయుము’.. తెలుగు పరీక్షలో ఇటువంటి ప్రశ్నకు జవాబు రాయని విద్యార్థి అరుదు. స్థలం, తేదీ, సంబోధన, ముగింపు, చిరునామా ఉంటే మార్కులు వస్తాయి. అయితే ఆ మిత్రుడు లేడు, ఆ ఉత్తరం ఎవరికీ చేరదు. పోస్టు డబ్బాలో ఒక్క ఉత్తరమైనా వేయకుండానే పదో తరగతి దాటుతున్న పిల్లలు పల్నాడులో ఎందరో ఉన్నారు. ఈ లోటును తీర్చగలిగేది కలం స్నేహం.

ముఖపరిచయం లేని ఇద్దరు ఉత్తరాల ద్వారా సాగించే చెలిమినే కలం స్నేహం అంటారు. ఒకప్పుడు దేశాల మధ్య సైతం ఇది జోరుగా సాగింది. వేర్వేరు దేశాల యువతను జతపరిచేందుకు ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో 1952లో ఒక సంస్థ వెలసింది. ఇంటర్నెట్ విస్తరించాక 2008లో అది మూతపడింది. సెల్‌ఫోను చేతిలో ఉండగా ఉత్తరమెందుకన్న ప్రశ్న సహజమే. తక్షణం జవాబు వచ్చే చోట ఎవరూ విడమరిచి చెప్పరు. ఫొటో పంపితే సరిపోతుంది. ఉత్తరంలో అది కుదరదు.

కోటప్పకొండ తిరునాళ్లనే తీసుకుందాం. మహాశివరాత్రికి ప్రభ కట్టడం చూసిన నరసరావుపేట విద్యార్థి పరీక్షలో ‘ప్రభలు కన్నులపండువగా ఉండును’ అని ఒక్క వాక్యంతో ముగిస్తాడు. దిద్దే ఉపాధ్యాయుడికి ప్రభ తెలుసు కాబట్టి అది చెల్లుతుంది. ప్రభను ఎన్నడూ చూడని నేస్తానికి రాయవలసి వస్తే మాత్రం చెల్లదు. ప్రభ దేనితో కడతారు, అంత ఎత్తున అది పడిపోకుండా ఎలా నిలుస్తుంది, ఊరి నుంచి కొండ వరకు ఎలా తరలిస్తారు.. ఇవన్నీ చెప్పాలి. తెలియకపోతే తాతనో, ప్రభ కట్టే పెద్దలనో అడగాలి. కారెంపూడి వీరుల ఉత్సవాలైనా, మాచర్ల చెన్నకేశవస్వామి ఆలయమైనా, పిడుగురాళ్ల సున్నపు బట్టీలైనా ఇంతే. చదివేవాడికి తెలియదన్న స్పృహ కలిగినప్పుడే రాసేవాడికి మాటలు వెతకవలసిన పని పడుతుంది. వ్యాసరచన పోటీలు నేర్పలేనిది ఇదే.

2021 డిసెంబరులో స్వాతంత్య్ర అమృతోత్సవాల సందర్భంగా 4 నుంచి 12వ తరగతి వరకు విద్యార్థుల చేత ప్రధానమంత్రికి 75 లక్షల పోస్టుకార్డులు రాయించే కార్యక్రమం చేపట్టారు. వెలుగులోకి రాని సమరయోధులు అందులో ఒక అంశం. అడవి పుల్లరిపై పోరాడి 1922 ఫిబ్రవరిలో నేలకొరిగిన కన్నెగంటి హనుమంతు పుట్టిన గడ్డకు అది తగిన అంశమే. తపాలా శాఖ 2017 నుంచి ‘ఢాయీ ఆఖర్’ పేరిట లేఖా రచన పోటీలు నిర్వహించింది. ఇవి మంచివే. కానీ పోటీకి రాసిన ఉత్తరానికి బహుమతి రావచ్చు, జవాబు రాదు. పిల్లలను రెండో ఉత్తరానికి పురికొల్పేది జవాబే.

నేస్తాలు ఎక్కడ?

విదేశాల దాకా వెళ్లనక్కరలేదు. ఏటా మిరప కోతల కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కూలీల కుటుంబాలు గుంటూరు, పల్నాడు జిల్లాలకు తరలివస్తాయి. వారిలో పలువురు పిల్లలను వెంట తెచ్చుకుంటారు. బడి మధ్యలో ఆగుతుంది. మరికొందరు పిల్లలు అవ్వాతాతల వద్దో, సీజనల్ హాస్టళ్లలోనో ఉండిపోతారు. మన పొలాల్లో కాయలు కోసే తల్లిదండ్రుల బిడ్డలు ఇక్కడి పిల్లలకు పేరైనా తెలియని వారుగానే మిగిలిపోతున్నారు. గురజాల బడికీ ఆదోని బడికీ మధ్య ఉత్తరాలు నడిస్తే ఆ దూరం కొంత తగ్గుతుంది. వలస కూలికి వెళ్లడాన్ని అక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఆ మాట ఇక్కడి పాఠ్యపుస్తకంలో దొరకదు, నేస్తం రాస్తే తెలుస్తుంది. మిరప కల్లంలో కాయలు ఎన్నాళ్లు ఎండాలో, తాలుకాయను ఎలా ఏరుతారో ఇటు నుంచి రాయవచ్చు.

ఖర్చు స్వల్పం. పోస్టుకార్డు అర్ధరూపాయి, ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు. మొదట్లో కార్డు చాలు. చోటు తక్కువ కనుక బెరుకు ఉండదు. అయితే కార్డును దారిలో ఎవరైనా చదవగలరు. సొంత కబుర్లకు ఇన్‌లాండ్ లెటర్ మేలు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. జతలను పిల్లలు కాక ఇరు పాఠశాలల ఉపాధ్యాయులే కుదర్చాలి. ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇవ్వరాదు. ప్రధానోపాధ్యాయుని ద్వారా అని పాఠశాల చిరునామాకే తెప్పించుకోవాలి. ఉత్తరాల్లో ఎర్రసిరాతో తప్పులు దిద్దితే మాత్రం అది మళ్లీ పరీక్షే అవుతుంది. అక్షరదోషం ఉన్నా అలాగే పంపడం ఉత్తమం.

పిన్‌కోడ్ సరిగా రాయడమూ ఒక పాఠమే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల సంఖ్యలో తొలి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే ప్రాంతాన్ని, చివరి మూడు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. నరసరావుపేట 522601, మాచర్ల 522426, గురజాల 522415. జిల్లా 2022 ఏప్రిల్‌లో వేరైనా గుంటూరు నాటి 522 మారలేదు. ఆదోని 518301.

ఉత్తరాలు దసరా సెలవుల తరువాత మొదలుపెట్టడం మంచిది. కోతలు ముమ్మరమయ్యేలోగా రెండు మూడు జవాబులు అందుతాయి. ఆ తరువాత రాస్తే నేస్తం పల్నాడులోనే ఏ మిరప చేలోనో ఉండగా, అతని పేరిట వెళ్లిన కార్డు ఆదోని బడి బల్లపై ఎదురుచూస్తూ ఉండవచ్చు.