మంచుకొండల ముందు మనిషెంత?

నికొలస్ రోరిక్ వేసిన హిమాలయ చిత్రాల్లో మనిషిని వెతుక్కోవాలి. 1924 నాటి ‘పెర్ల్ ఆఫ్ సెర్చింగ్’లో గురువు, శిష్యుడు చిన్నగా కనిపిస్తారు. హారంలో ముత్యం కోసం చూస్తుంటారు. వాళ్ల వెనక మబ్బులు, ఆ మబ్బుల పైన మంచు శిఖరాలు. కొండ పాదం మాత్రం కనిపించదు. ఎక్కడ మొదలైందో తెలియని కొండ ఎంత ఎత్తో కంటికి అంతుపట్టదు. చిత్రకారుడికి కావలసిందీ అదే.

పూలతోట చూస్తే మనసు హాయిగా ఉంటుంది. అంతులేని ఎత్తో లోతో ఎదురైతే ఒళ్లు జలదరిస్తుంది, అయినా చూపు తిప్పుకోలేం. ఈ తేడా మీద తత్త్వవేత్త ఎడ్మండ్ బర్క్ 1757లో ఒక గ్రంథమే రాశారు. ప్రమాదం మరీ మీదికి రానంతవరకే ఆ భయంలో ఆనందం ఉంటుందని ఆయన వాదన. యూరప్ చిత్రకారుల్లో టర్నర్ సముద్రపు తుఫానుల్లో, ఫ్రీడ్రిష్ పొగమంచులో ఆ అనుభూతిని పట్టుకున్నారు. రోరిక్ దాన్ని హిమాలయాల్లో వెతికారు.

1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన రోరిక్, 1913లో పారిస్‌లో సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బ్యాలేకు రంగాలంకరణ చేసి పేరు పొందారు. 1923 డిసెంబరులో కుటుంబంతో భారతదేశం వచ్చారు. 1925 నుంచి 1928 వరకు భార్య హెలెనా, పెద్ద కొడుకు జార్జ్‌తో కలిసి మధ్య ఆసియా అంతా తిరిగారు. 1927-28 శీతకాలంలో టిబెట్ అధికారులు వాళ్లను చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద నిలిపేశారు. గడ్డకట్టే చలిలో దాదాపు ఐదు నెలలు గుడారాల్లోనే గడిచాయి. బృందంలో ఐదుగురు చనిపోయారు, బరువులు మోసే పశువులు చాలావరకు నేలకొరిగాయి. బర్క్ చెప్పిన సురక్షితమైన దూరం ఆయనకు దక్కలేదు. అయినా ఆయన కొండల్లో పగ లేదు, బీభత్సం లేదు. చావును అంత దగ్గరగా చూసినవాడి కుంచెలో ఇంత నెమ్మది ఉండటమే ఆయన గొప్పతనం.

ఆ నెమ్మదిలో రంగుల పాత్ర కూడా ఉంది. ఆయన ఎక్కువగా టెంపెరా అనే రంగు వాడారు. అది తైలవర్ణంలా మెరవదు, త్వరగా ఆరిపోతుంది. అందుకే ఒక్కో కొండ వాలు ఒక్కో రంగు పలకలా, అంచు స్పష్టంగా నిలుస్తుంది. ఎత్తైన చోట గాలి పలచన, ధూళి తక్కువ. దూరపు శిఖరం కూడా చెక్కినట్టు కనిపిస్తుంది. ఆ పీఠభూముల వెలుగుకు ఈ రంగులు సరిగ్గా అమరాయి. ముదురు నీలం మీద ఊదా, దాని మీద గులాబీ రంగు మంచు చూసి ఇదంతా కల్పన అనుకునేవారు, తెల్లవారుజామున ఒక్కసారి హిమాలయాలను చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

1928లో కులు లోయలోని నగ్గర్‌లో స్థిరపడిన రోరిక్ 1947 డిసెంబరు 13న అక్కడే కన్నుమూశారు. చిన్న కొడుకు స్వెతొస్లావ్ కూడా చిత్రకారుడే. ఆయన 1945లో పెళ్లాడిన నటి దేవికారాణి పుట్టింది మన విశాఖ దగ్గరి వాల్తేరులో.

రోరిక్ కొండలు అచ్చులో సగమే కనిపిస్తాయి. ఆ నీలాలు కాగితం మీద చచ్చిపోతాయి. నగ్గర్‌లో ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అంత దూరం వెళ్లలేనివారికి బెంగళూరులోని కర్ణాటక చిత్రకళా పరిషత్‌లో తండ్రీకొడుకుల చిత్రాలున్నాయి. అటు వెళ్లినప్పుడు ఒక పూట వాటికోసం కేటాయించండి.