దండెం తీగకు కరెంటు

ఈ సంగతి చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. గత వర్షాకాలంలో ఒక శనివారం సాయంత్రం, మరునాటి ఆరాధనకు నేను వేసుకోవలసిన తెల్ల చొక్కాను మా ఇంటామె దండెం మీద ఆరవేయబోయింది. ఆ దండెం ఇనుప తీగ. ఒక కొస వేపచెట్టుకు, రెండో కొస రేకుల వసారా ఇనుప స్తంభానికి నేనే కట్టాను. వసారా బల్బుకు వెళ్లే వైరు రేకు అంచుకు ఒరుసుకొని తొడుగు ఊడిపోయింది. రేకు నుండి స్తంభానికి, స్తంభం నుండి తీగకు కరెంటు పాకింది. తడి నేల మీద నిలబడ్డ ఆమె చెయ్యి తీగకు బిగుసుకుపోయింది. నేను పట్టుకొని లాగబోయాను. "నాన్నా, ముట్టుకోకు!" అని అరుస్తూ మా అమ్మాయి మెయిన్ ఆపేసింది. లేకుంటే ఇద్దరం పోయేవాళ్లం. అంతకు రెండు రోజుల ముందే ఆ పిల్ల "దండెం జివ్వుమంటోంది నాన్నా" అంటే నేను నవ్వి ఊరుకున్నాను.

ఫ్యూజు ఎందుకు పోలేదని మీరడగవచ్చు. నేనూ అదే అడిగాను. ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండా చూడటానికి, మనిషి కోసం కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజు 1 ఆంపియరుకు కరగదు. గుండె లయ తప్పడానికి అందులో పదో వంతు చాలు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగి తీగ చుట్టే వారున్నారు. అప్పుడిక వైరుకు కూడా రక్షణ లేదు.

మనిషిని కాచేవాటిలో మొదటిది ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను అదే. అన్నిటికన్నా ముందు తగిలి చివర ఊడాలని దాన్ని పొడుగ్గా చేస్తారు. ఇస్త్రీపెట్టెకో, మోటారుకో పైకి కరెంటు వస్తే ఆ దారిన భూమిలోకి పోతుంది. మా ఇంట్లో బోర్డు విప్పితే ఆ రంధ్రం వెనుక తీగే లేదు. ఇల్లు కట్టేటప్పుడు ఆ ఖర్చు మిగుల్చుకుందామన్నది నేనే. ఇప్పుడు గొయ్యి తీయించి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దించాం. వసారా స్తంభాన్ని కూడా దానికి కలిపాం. ఎండాకాలంలో ఆ గోతిలో నీళ్లు పోస్తుండాలి.

రెండోది మీటరు పక్కన పెట్టే ఆర్.సి.సి.బి. ఇంట్లోకి వెళ్లిన కరెంటంతా తిరిగి వచ్చిందా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో వెయ్యింట ముప్పై పాళ్లు, దారి తప్పినా రెప్పపాటులో ఆపేస్తుంది. అయితే ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి అది గుర్తించలేదు. దాని మీదున్న టెస్టు మీటను నెలకోసారి నొక్కి చూడండి.

ప్లగ్గు లేదని వైరు కొసలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం చాలా ఇళ్లలో చూశాను. హీటరు రాడ్డు పెట్టిన బకెట్‌లో వేలు ముంచి వేడి చూసేవారు కూడా ఉన్నారు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డు తీశాకే నీళ్లు ముట్టుకోవాలి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో విడిపించండి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. పక్కవారిచేత 108కి ఫోను చేయించండి.