అయిదు ఆటల్లో మూడు

షటిల్ బ్యాడ్మింటన్ అనగానే ఒకరితో ఒకరు, లేదా ఇద్దరితో ఇద్దరు ఆడే ఆటే మన మనసులో మెదులుతుంది. అయితే దానిలో జట్టుకూ జట్టుకూ జరిగే పోటీ కూడా ఉంది. పురుషుల జట్లకు ప్రపంచస్థాయిలో జరిగే ఆ పోటీ పేరు థామస్ కప్. ఇది 1948-49లో మొదలయింది. భారతదేశం దానిని తొలిసారి గెలుచుకున్నది 2022 మే 15న, బ్యాంకాక్‌లో. ఆనాటి మన జట్టులో అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఉన్నాడు. కోనసీమ జిల్లా ఏర్పడి అప్పటికి సరిగ్గా నలభై ఒక్క రోజులు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ప్రకాశ్ పదుకొనే 1980లో, మన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచారు. గుంటూరుకు చెందిన కిడాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరాడు. ఇంతటి ఆటగాళ్లను కన్న దేశానికి థామస్ కప్ అన్నేళ్లు ఎందుకు అందలేదు? దీనికి కారణాలు అనేకం ఉండవచ్చు. వాటిలో ఒకదానిని మాత్రం మనం కాగితం మీద లెక్కవేసి చూడవచ్చు.

ముందుగా నియమాలు. రెండు జట్లు తలపడితే అయిదు ఆటలుంటాయి. సాధారణంగా వాటి వరుస ఇది: మొదటి సింగిల్స్, మొదటి డబుల్స్, రెండవ సింగిల్స్, రెండవ డబుల్స్, మూడవ సింగిల్స్. మూడు గెలిచిన జట్టుదే విజయం.

ఎవరిని ఏ స్థానంలో దింపాలో శిక్షకుడు తన ఇష్టం వచ్చినట్లు నిర్ణయించడానికి వీల్లేదు. సింగిల్స్ ఆటగాళ్లు ప్రపంచ ర్యాంకుల వరుసలోనే దిగాలి. ఈ నిబంధన ఎందుకో తెలియాలంటే ఒక పాత చైనా కథ చెప్పాలి. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో తియాన్ జీ అనే సేనాని తన రాజుతో గుర్రప్పందేలు ఆడేవాడట. ఇద్దరికీ మేలురకం, మధ్యరకం, నాసిరకం గుర్రాలు ఒక్కొక్కటి ఉన్నాయి. ఏ రకం తీసుకున్నా రాజుగారి గుర్రమే కొంచెం వేగం గలది. ఆ వరుసలో పరుగెత్తిస్తే మూడు పందేలూ రాజుగారివే. అప్పుడు సున్ బిన్ అనే యుద్ధతంత్రజ్ఞుడు ఒక ఉపాయం చెప్పాడు. రాజుగారి మేలు గుర్రం మీదికి నీ నాసి గుర్రాన్ని పంపు, ఓడిపోనీ. ఆయన మధ్యరకానికి నీ మేలు గుర్రాన్ని, ఆయన నాసిరకానికి నీ మధ్యరకాన్ని ఎదురు పెట్టు. అలా చేసి రెండు పందేలు గెలిచారు. గుర్రాలు అవే, మారింది వరుస ఒక్కటే! బ్యాడ్మింటన్‌లో ఇటువంటి ఎత్తు వేయనీయకుండా ర్యాంకుల వరుస నిబంధన కొంతవరకు ఆపుతుంది. కాబట్టి శిక్షకుడు చేయగలిగిందల్లా అయిదు స్థానాలకూ తగిన బలం సమకూర్చుకోవడమే.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక సంగతి జరిగే అవకాశాన్ని కొలిచే సంఖ్యను సంభావ్యత అంటారని మీరు చదువుకున్నారు. జరగడం ఖాయమయితే 1, అసంభవమయితే 0. ఒక జట్టులో ముగ్గురు మంచి సింగిల్స్ ఆటగాళ్లున్నారనుకుందాం. ఒక్కొక్కరూ తన ప్రత్యర్థి మీద పదింట ఆరు ఆటలు గెలవగలరు, అంటే 0.6. డబుల్స్ జంటలు రెండూ మరీ బలహీనం. వాటి సంభావ్యత 0 అనుకుందాం.

ఈ జట్టు నెగ్గాలంటే ముగ్గురూ గెలిచి తీరాలి. వందసార్లు తలపడితే మొదటివాడు 60 సార్లు గెలుస్తాడు. ఆ అరవైలో రెండవవాడు కూడా గెలిచేవి 36. ఆ ముప్ఫయ్యారులో మూడవవాడు కూడా గెలిచేవి ఇంచుమించు 22. గుణించి చూస్తే 0.6 × 0.6 × 0.6 = 0.216. ప్రతి సింగిల్స్‌లోనూ ఎదుటివాడికన్నా మెరుగైన జట్టు వందలో 22 సార్లే నెగ్గుతుందన్నమాట!

ఇప్పుడు ఆ జట్టులోకి ఒక మంచి డబుల్స్ జంట వచ్చింది. దాని సంభావ్యత 0.7 అనుకుందాం. తక్కినదంతా పాతదే. ముగ్గురూ గెలిచే 0.216 ఎలాగూ ఉంది. దానికి తోడు, సింగిల్స్‌లో ఒకరు ఓడి ఇద్దరు గెలిచినా డబుల్స్ జంట గట్టెక్కించవచ్చు. ఒకరు ఓడి ఇద్దరు గెలవడానికి 0.6 × 0.6 × 0.4 = 0.144. ఓడేది ముగ్గురిలో ఎవరయినా కావచ్చు కనుక దీనిని మూడుతో గుణిస్తే 0.432. అప్పుడు డబుల్స్ కూడా గెలవాలి: 0.432 × 0.7 = 0.3024. రెండూ కలిపితే 0.5184.

వందలో 22 కాస్తా 52 అయింది. సింగిల్స్ ఆటగాళ్ల బలం రవ్వంతయినా పెరగలేదు. మునుపు ఒక్కరు తడబడితే అంతా పోయేది, ఇప్పుడు ఒక్కరు ఓడినా దారి మిగిలింది.

2022లో జరిగింది ఈ లెక్కకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. మే 12న క్వార్టర్ ఫైనల్‌లో మలేసియా ఎదురయింది. మొదటి సింగిల్స్‌లో లక్ష్య సేన్ ఓడిపోయాడు. సాత్విక్, చిరాగ్ శెట్టి జంట గెలిచింది. శ్రీకాంత్ గెలిచాడు. రెండవ డబుల్స్‌లో కృష్ణప్రసాద్ గరగ, విష్ణువర్ధన్ గౌడ్ ఓడిపోయారు. చివర ప్రణయ్ గెలిచాడు: 3-2. మర్నాడు సెమీఫైనల్‌లో డెన్మార్క్‌తోనూ ఓటమి, గెలుపు, గెలుపు, ఓటమి, గెలుపు! వరుస కూడా మారలేదు. రెండు సింగిల్స్, ఒక డబుల్స్ కలిసి జట్టును ఫైనల్‌కు చేర్చాయి.

ఫైనల్‌లో ఇండొనేసియా మీద మనం 3-0తో గెలిచాం. ఈ అంకె చూసి అది సునాయాస విజయమనుకోకండి. లక్ష్య సేన్ మొదటి గేము 8-21తో పోగొట్టుకుని తేరుకున్నాడు. సాత్విక్ జంట గేములు 18-21, 23-21, 21-19. మూడింటినీ కూడి చూడండి: మనవాళ్లవి 62 పాయింట్లు, ఎదుటివాళ్లవి 61. తేడా ఒక్క పాయింటు. తరువాత శ్రీకాంత్ 21-15, 23-21తో ముగించాడు.

ఈ 0.6, 0.7 లెక్క కోసం నేను తీసుకున్నవే సుమా! కొత్త పోటీకి జట్టు పేర్లు పత్రికలో పడగానే మీరూ ఇటువంటి అంచనా వేయాలనుకుంటే, పాత ఫలితాల నుంచి ఆ సంఖ్యలను రాబట్టాలి. అక్కడే జాగ్రత్త అవసరం. ఒకడు మరొకడి మీద అయిదింట నాలుగు ఆటలు గెలిచాడు కదా అని 0.8 అని రాసేయకూడదు. మామూలు నాణేన్ని అయిదుసార్లు ఎగురవేసినా నాలుగో అయిదో బొమ్మలు పడడానికి 32లో 6 అవకాశాలున్నాయి. పైగా ఒకరి గెలుపోటములు మరొకరి ఆటను తాకవని ఈ లెక్కలో అనుకున్నాం. 0-1తో వెనుకబడిన వేళ బరిలోకి దిగే జంట గుండె ఎలా కొట్టుకుంటుందో గుణకారం చెప్పలేదు.

ఇంకొకటి. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ నెగ్గాలంటే 0.5184ను మూడుసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.14, అంటే ఏడింట ఒకసారి. 2024లో చెంగ్డూలో జరిగిన పోటీలో భారత్ క్వార్టర్ ఫైనల్‌లోనే చైనా చేతిలో 1-3తో ఓడింది. అక్కడ సాత్విక్, చిరాగ్ కూడా ఓడిపోయారు. 0.7 అంటే పదింట మూడు ఓటములు కూడా అని మరవకండి.

ఇక మీకో లెక్క. పై జట్టు శిక్షకుడికి రెండు దారులున్నాయి. బలహీనమైన రెండవ డబుల్స్ జంటకు తర్ఫీదు ఇచ్చి దాని సంభావ్యతను 0 నుంచి 0.3కు పెంచవచ్చు. లేదా సింగిల్స్ ఆటగాళ్లలో ఒకడిని 0.6 నుంచి 0.8కి పెంచవచ్చు. మొదటి దారిలో జట్టు సంభావ్యత 0.6178 వస్తుంది. సింగిల్స్‌లో ఒక్కడే గెలిచి, డబుల్స్ రెండూ గెలిచే సందర్భాన్ని కూడా కలపడం మరిచిపోకండి. రెండవ దారిలో ఎంత వస్తుందో మీరే కట్టి చూడండి.