ఫోను గట్టిదే, ఆయుష్షే కంపెనీ చేతిలో!

భారత విపణిలోకి 2017 జనవరిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 4, ఆ ఏడాది దేశంలో అత్యధికంగా అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో ఒకటి. లోహపు వెనుకభాగం, 4,100 ఎంఏహెచ్ బ్యాటరీ, విద్యుత్తును పొదుపుగా వాడే స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసర్ దానికి మన్నికైన ఫోనన్న పేరు తెచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో 4జీ చౌకైన రోజులు కావడంతో మధ్యతరగతి దానిని ఆదరించింది.

ఇలాంటి పాత ఫోన్లను దాచుకున్నవారి అనుభవం ఒక్కటే. బ్యాటరీ నీరసిస్తే కొత్తది వేయించవచ్చు. తెర పగిలితే వీధి చివరి మరమ్మతు దుకాణంలో మార్పించవచ్చు. మాటలకు, సందేశాలకు లోటుండదు. చిక్కల్లా సాఫ్ట్‌వేర్‌తోనే. ఈ ఫోనుకు కంపెనీ అధికారికంగా ఇచ్చిన చివరి ఆండ్రాయిడ్ 7వ వెర్షన్. భద్రతా సవరణలు ఆగిపోయిన ఫోనులో బ్యాంకు లావాదేవీలు జరపడం ప్రమాదకరం. అందుకే పనిచేస్తున్న ఫోనును సైతం పక్కన పెట్టి కొత్తదానికి డబ్బు వెచ్చించవలసి వస్తోంది.

ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ అమ్మకాలు నిలిచిన తరువాత కూడా కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ నవీకరణలు, ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు లభించాలి. మన దేశంలో మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీని నియమించింది. విడిభాగాలతో పాటు సాఫ్ట్‌వేర్‌కూ గడువు నిర్ణయిస్తేనే ఆ హక్కుకు అర్థం. లేకుంటే మన్నిక అనేది పెట్టెపై మాటగానే మిగులుతుంది.