మీకు తెలుసా? తిరుమల కొండదారిలో 50 కోట్ల ఏళ్ల ఖాళీ

ఈసారి తిరుమల బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, గోవింద నామం చెప్పుకుంటూనే ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన చోట రాళ్లను కాస్త పట్టిచూడండి. కింద పొరలన్నవే లేని గ్రానైట్ ఉంటుంది. దాని నెత్తిన వరసలు వరసలుగా పేర్చుకున్న క్వార్ట్‌జైట్. ఆ రెండూ కలిసే గీత పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది.

కింది గ్రానైట్ వయసు 210 కోట్ల ఏళ్ల పైమాటే. పైనున్న నగరి క్వార్ట్‌జైట్ సుమారు 160 కోట్ల ఏళ్లది. నడుమ తక్కువలో తక్కువ 50 కోట్ల ఏళ్లకు ఇక్కడ రాతి ఆనవాలు లేదు. ఆ ఖాళీ 80 కోట్ల ఏళ్లు ఉంటుందని లెక్క కట్టినవాళ్లూ ఉన్నారు. ఆ గీత మీద అరచెయ్యి ఆనిస్తే బొటనవేలు ఒక యుగంలో, చిటికెనవేలు మరో యుగంలో ఉంటాయి.

మరి ఆ కాలమంతా ఏమైంది? గ్రానైట్ నేలమీద పుట్టేది కాదు. భూమి లోతుల్లో కరిగిన శిల నిదానంగా చల్లారి గట్టిపడితే తయారవుతుంది. అది బయటపడాలంటే పైనున్న రాయంతా అరిగి కొట్టుకుపోవాలి. అప్పట్లో నేలమీద చెట్టు లేదు, గడ్డిపోచ లేదు, మట్టిని పట్టి ఆపే వేరన్నదే లేదు. వానలూ గాలులూ కోట్ల ఏళ్లపాటు ఆ బోడి నేలను అరగదీశాయి. తరవాత నీళ్లు ముంచెత్తి ఇసుకను పొరలు పొరలుగా పేర్చాయి. ఆ ఇసుకే పైబరువుకు బిగుసుకుని క్వార్ట్‌జైట్ అయింది. కడప నుంచి కర్నూలు దాకా కనిపించే ప్రాచీన శిలల కుటుంబంలోదే ఇదీ.

1872లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ఖాళీని గుర్తించాడు. స్కాట్లండ్‌లోని సిక్కార్ పాయింట్‌లో ఉన్న ఇలాంటి గీత గురించి భూగర్భశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. 1788లో శాస్త్రవేత్త జేమ్స్ హటన్ అక్కడి రాళ్లను చూపించి, భూమి వయసు మనం ఊహించలేనంత పెద్దదని వాదించాడు. అక్కడి ఖాళీ సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. మన కొండలో ఉన్నది దానికి ఏడింతలకు పైనే! రోజూ వేలమంది దీని పక్కనుంచే వెళ్తున్నారు. తిరుపతి చుట్టుపక్కల బడిపిల్లలనైనా తీసుకొచ్చి ఈ గీతను చూపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పైకెళ్లాక శిలాతోరణం ఎలాగూ చూస్తారు. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఆ సహజ తోరణం కూడా క్వార్ట్‌జైటే. మెత్తటి భాగం అరిగిపోగా గట్టిది నిలిచింది. దానిదీ జాతీయ స్మారక హోదానే.